ముప్పై ఒక్క స్పర్శలు

మా బడిలో నూటికి నూరు శాతం హాజరు ఉన్న విద్యార్థిని ఒక్కతే. పేరు మల్లిక. మూడో తరగతి, తొమ్మిదేళ్ళు. గడిచిన రెండు విద్యా సంవత్సరాల్లో ఆమె ఒక్కరోజు కూడా బడి మానలేదు. ఒక్కరోజు కూడా బడికి రాలేదు.

ఇందులో పరస్పర విరోధం ఏమీ లేదని ప్రధానోపాధ్యాయుడు భూపతి నాకు వివరించాడు. ఆ పిల్లకు గృహాధారిత విద్య మంజూరైంది. అంటే బడి ఇంటికే వెళ్తుంది. ప్రత్యేక ఉపాధ్యాయుడు వారానికి రెండుసార్లు వెళ్ళి నేర్పుతాడని కాగితం చెబుతుంది. పిల్ల ఇంట్లో ఉంటే బడిలో ఉన్నట్టే. ఆమె ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఆమె హాజరుకు తిరుగులేదు.

కామత్‌ఘర్‌లోని ఈ తెలుగు మాధ్యమం బడిలో, మరాఠీ గడ్డ మీది మరమగ్గాల నడుమ, నేను ఇరవై తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పాను. రిటైరై ఎనిమిదేళ్ళయింది. అంజూర్ ఫాటా దగ్గర కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటున్నాను. బడి యాజమాన్య కమిటీలో విద్యావేత్త అనే స్థానం ఒకటి నింపాలి గనుక శారమ్మ టీచర్ అని నా పేరు రాసుకున్నారు. మూడు నెలలకోసారి వెళ్ళి చాయ్ తాగి, చూపించిన చోట సంతకం పెట్టి రావడం నా విధి.

జులై సమావేశంలో భూపతి నా ముందు పెట్టిన కాగితం పాతదాని వంటిది కాదు. అది ఏడాదికి కాదు, మల్లికకు పద్నాలుగేళ్ళు నిండేవరకు. దాని మీద నా సంతకం పడితే ఆ పిల్ల ఇక ఈ బడి గడప తొక్కనక్కర లేదు. వైకల్యం: అంధ బధిరత. సిఫారసు: ఇల్లు. ఆ రెంటికీ నడుమ, ప్రత్యేక ఉపాధ్యాయుడు పిల్లను పరీక్ష చేసి నింపిన ఒక గడి. స్పందన: లేదు.

ఆ గడి దగ్గర నా కలం ఆగింది. ఇరవై తొమ్మిదేళ్ళలో నేను మొండి పిల్లలను చూశాను, నిద్రపోయే పిల్లలను చూశాను, తలుపు చప్పుడైతే బల్ల కిందికి దూరే పిల్లలను చూశాను. స్పందన లేని పిల్లను చూడలేదు.

“సంతకం పెట్టుండ్రి మేడమ్, చాయ్ సల్లారిపోతది” అన్నాడు భూపతి.

“ఈ పిల్లను చూశావా భూపతీ?”

“సూసుడేముంది మేడమ్? కండ్లు లేవు, చెవులు లేవు. పాపం.”

“ఆమె నిన్ను చూసిందా అని అడగలేదు. నువ్వు ఆమెను చూశావా అని అడిగాను.”

అతడు నవ్వాడు. ఒకప్పుడు నా పక్క తరగతిలో జూనియర్. నా మాటలకు నొచ్చుకోవడం మానేసి చాలా కాలమైంది. “గంత లోతుకు ఎందుకు పోతరు? పేరు రిజిస్టర్ల ఉన్నది. పిల్లల లెక్క తగ్గితే మన బడి ఇంకో బడిల కలిపేస్తరు, మీకు ఎరుకే. పోరి ఇంట్ల సల్లగున్నది. తల్లిదండ్రులకు తక్లీఫ్ లేదు, మనకు తక్లీఫ్ లేదు, ఆమెకు గూడ...”

“ఆమెకు?”

భూపతి చాయ్ గ్లాసు అందుకున్నాడు.

నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆగస్టు నెలాఖరులోగా పంపాలని అతడు వెనుక నుంచి గుర్తు చేశాడు. నా కోపం అంతా అతడి మీదే అనుకుంటే అది అబద్ధం. గత రెండేళ్ళ కాగితాలను తీయించి చూశాను. రెంటి మీదా, విద్యావేత్త అన్న చోట, గుండ్రని నా సంతకం ఉంది.

*

మల్లిక ఇల్లు ఒక కార్ఖానా మీద ఉంది. కింద ఇరవై నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, రాత్రింబవళ్ళు నడుస్తాయి. పైన వరసగా ఆరు ఖోలీలు, ఒక్కొక్కటి ఒంటి గది. ఇనుప మెట్లు ఎక్కుతుంటే సాంచాల అదురు చెప్పుల గుండా మోకాళ్ళ దాకా వచ్చింది. నాలుగో ఖోలీ తలుపుకు బయటి నుంచి గొళ్ళెం పెట్టి ఉంది.

నన్ను కింద నుంచి చూసి ఒక స్త్రీ ముఖానికి పట్టిన దూది నూగును కొంగుతో తుడుచుకుంటూ పైకి వచ్చింది. చంద్రవ్వ, పిల్ల తల్లి. కింద కండెలు చుట్టే మిషన్ మీద పని. భర్త కనుకయ్య అదే కార్ఖానాలో దిన్‌పాళిలో పగలంతా నాలుగు సాంచాలు చూస్తాడు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి వచ్చి పదిహేనేళ్ళయిందట.

“గొళ్ళెం పెట్టకపోతే ఎట్ల టీచరమ్మా? ఇనుప మెట్లు, పడుతది. గంటకోపారి ఎక్కొచ్చి సూస్త” అంది నేను అడగకముందే.

గొళ్ళెం తీయడానికి ముందే లోపల ఉన్న పిల్లకు మేము వచ్చిన సంగతి తెలుసు. గోడకు వీపు ఆనించి, రెండు అరచేతులు నేల మీద పరచి కూర్చుంది. తలుపు తెరిచేసరికి ముఖం ఇటే తిరిగి ఉంది. కడుపుతో ఉన్న మూడో నెలలో తల్లికి జ్వరమూ ఒంటి మీద ఎర్రని పొక్కులూ వచ్చాయి. పిల్ల చెవుడుతో, కంటి పొరలతో పుట్టింది. ఆపరేషన్ అయ్యాక ఎడమ కంటికి వెలుగూ చీకటీ మాత్రం తెలుస్తాయి. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ పక్క కార్ఖానా గోడకు ఆనుకుని ఉంది కనుక ఆ తేడా కూడా అంతగా అక్కరకు రాదు.

చంద్రవ్వ కూర్చుని పిల్ల భుజాన్ని రెండుసార్లు తట్టింది. చెవి తమ్మెను మెల్లగా లాగింది. పిల్ల వెంటనే తల్లి అరచేయి వెతికి పట్టుకుని దాని మీద వేలితో అడ్డంగా గీత గీసింది. తల్లి నవ్వి, ఆ వేలిని తన రెండు వేళ్ళ మధ్య మెలిపెట్టింది. పిల్ల ఊపిరి వదిలి మళ్ళీ గోడకు ఆనుకుంది.

ఇదంతా పూర్తికావడానికి పట్టిన సమయం, నేను ఈ వాక్యం రాయడానికి పట్టినంత కూడా లేదు.

“ఏమి మాట్లాడుకున్నారు?” అన్నాను.

“మాటలా?” చంద్రవ్వ సిగ్గుపడింది. “గవి మాటలు గావు టీచరమ్మా. కార్ఖాన ఇషారలు.”

ఇరవై నాలుగు సాంచాల మోతలో పక్కవాడి చెవిలో అరిచినా వినబడదు. సాంచా మీద చూపు పెట్టిన మనిషిని కళ్ళు తిప్పమనలేము. కనుక వెనుక నుంచి తాకి చెబుతారు. భుజం మీద రెండు తట్లు, నేనే, భయపడకు. చెవి తమ్మె లాగితే చాయ్ వచ్చింది. అరచేతిలో అడ్డగీత, పోగు తెగింది, ఇటు రా. రెండు వేళ్ళ మధ్య మెలిక, ముడి వేస్తున్నాను. మోచేయి నొక్కితే సేఠ్ వస్తున్నాడు. మెడ వెనుక గోరుతో గీరితే, మేస్త్రీ ముకద్దం మండిపడుతున్నాడు, కాసేపు బుద్ధిగా ఉండు. కనుకయ్య వీటిని పిల్లకు మూడో ఏట నుంచి నేర్పాడు. నేర్పుతున్నానని అనుకోలేదు. ఆడించాడు. సాంచా దగ్గర పనికిరానివి కొన్ని ఇంట్లో పుట్టాయి. ఆకలికి ఒకటి, కడుపునొప్పికి ఒకటి, శుక్రవారానికి ఒకటి. శుక్రవారం కార్ఖానా బందు. ఆ రోజు నేల అదరదు. మొదట్లో పిల్ల ఆ రోజంతా ఏడ్చేదట, అందరూ పోయారనుకుని. అందుకని ఆ రోజుకు ఒక గుర్తు, రెండు అరచేతులూ కలిపి తలగడలా చెంప కింద పెట్టడం. సాంచాలు పడుకున్నాయి అని.

నేను నోటుపుస్తకం తీసి రాసుకున్నాను. ఆ సాయంత్రానికి ముప్పై ఒకటి తేలాయి.

మధ్యాహ్నం చాయ్‌కి కనుకయ్య పైకి వచ్చాడు. ఎదురుగా ఉన్నవాళ్ళతో కూడా వీధి అవతలి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. “నాకు గూడ సగం ఇనబడది టీచరమ్మా! నన్ను గూడ ఇంట్లనే సదివిస్తరా?” అని పెద్దగా నవ్వి, కూతురి చెవి తమ్మె లాగి, తన గ్లాసులోంచి రెండు గుక్కలు తాగించి దిగిపోయాడు.

“మరి పరీక్ష చేసిన రోజు ఈ గుర్తుల సంగతి ఆ సారుకు చెప్పారా?” అని చంద్రవ్వను అడిగాను.

“ఏం జెప్తం? గంత సదువుకున్న సారుకు సాంచాల కాడి ఇషారలా?” ఆమె ముఖం వెలిగింది. “కానీ టీచరమ్మా, ఆ దినం మా మల్లికను సూడాలె మీరు. హాల్ నిండ పిల్లలు. ఒకడు ఉరుకుతుండు, ఒకడు ఒర్లుతుండు, ఒకామె సారు అద్దాలే గుంజింది. ఇది గంటన్నర కూసున్నది. కదలలే. సారు చేతుల గంట పెట్టిండు, బంతి పెట్టిండు, గరుకు కాగితం పెట్టిండు. ఊహూ. బంగారం లెక్క కూసున్నది. అందరు మెచ్చుకున్నరు.”

“అంతసేపు ఎలా కూర్చుంది?”

“చెయ్యి పెట్టిన” అని ఆమె నాకు చూపించింది. నా వీపు మీద, రెండు రెక్కల నడుమ, అరచేయి పరచి గట్టిగా ఆనించింది.

దాని అర్థం కూడా చెప్పింది. జాబర్ సాంచా లోపలికి చేయి పెట్టి మరమ్మతు చేసేటప్పుడు పక్కన నిలబడ్డ మనిషి వీపు మీద ఇలా చేయి ఆనిస్తారు. సాంచా బందులో ఉంది, చేయి తీసేదాకా దేన్నీ ముట్టకు, కదలకు. ఆ గుర్తును కాదని ఒకడు మీట నొక్కితే జాబర్ వేళ్ళు పోతాయి. కార్ఖానాలో మిగతా గుర్తులతో పరాచికాలాడతారు. దీనితో ఆడరు. మల్లికకూ ఆ సంగతి తెలుసు. తల్లి చేయి వీపు మీద ఉన్నంతసేపు పిల్ల వేలు కూడా ఆడించలేదు.

తన బిడ్డ బుద్ధిమంతురాలని చదువుకున్నవాళ్ళ ముందు రుజువు చేయడానికి ఒక తల్లి గంటన్నరపాటు చేయి తీయలేదు. ఎదుట కూర్చున్న మనిషి ఆ చేతిని చూశాడు. అదేమిటని అడగలేదు. స్పందన: లేదు.

ఈ విషయం ఆమెకు చెప్పకుండా ఉండవచ్చు. చాలామంది చెప్పరు, దానిని దయ అంటారు. నేను కాగితం తీసి, ఆ గడి మీద వేలు పెట్టి, అందులో ఏమి రాసి ఉందో, ఎందుకు రాసి ఉందో మెల్లగా చెప్పాను.

చంద్రవ్వ చాయ్ గ్లాసు కడిగింది. కడిగిన గ్లాసును మళ్ళీ కడిగింది. “అయితే నా చెయ్యేనా?” అంది చివరికి, గోడ వైపు చూస్తూ.

“అడగని వాళ్ళ తప్పు అది” అన్నాను. అది నిజమే. ఆమెకు దానితో పని లేకపోయింది. మిషన్ ఆగితే కింద ముకద్దం కేకలేస్తాడని లేచింది. వెళ్ళేముందు ఎప్పటిలా పిల్ల భుజం తట్టబోయి, చేయి వెనక్కి తీసుకుంది. బయటి నుంచి గొళ్ళెం పడింది. నేను మెట్లు దిగుతున్నంతసేపు లోపల పిల్ల అరచేతులకు మా ఇద్దరి అడుగులు దూరమవుతూ తెలిసి ఉంటాయి.

*

పరీక్ష చేసిన ప్రత్యేక ఉపాధ్యాయుడి పేరు భూషణ్. నాగావ్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు, మరాఠీలో చదువుకున్నవాడు. అతడిని రాక్షసుడిగా ఊహించుకుని బడికి పిలిపించాను. చూస్తే అలసిపోయిన ముప్పై ఏళ్ళ మనిషి, సంచిలో గంట, బంతి, గరుకు కాగితం.

“మేడమ్, ఒక్క దినంల బయాలీస్, నలభై రెండు మంది పిల్లలు. నా కింద మూడు వార్డులు, త్రేసట్, అరవై మూడు మంది పిల్లలు. వారానికి రెండుసార్లంటే ఎట్ల పోను? మల్లిక ఇంటికి రెండు నెలలకోపారి పోతున్న. పోయినప్పుడల్లా తల్లి ఉరికొచ్చి పిల్లను సీదా కూసోబెడుతది. మీద చెయ్యి పెట్టి. నేను ప్రేమతోని అనుకున్న.”

“ప్రేమే. ఇంకా ఏదైనా అయి ఉండవచ్చని అనుకోలేదు.”

“నేను అంధ బధిర పిల్లల కోసం ట్రైనింగ్ చేసినోన్ని కాదు మేడమ్. మాది అంతా మూడు దినాల వర్క్‌షాప్.” అతడు తన బూట్ల వైపు చూసుకున్నాడు. “మా బాపు గూడ సాంచాలే నడిపిండు. మమ్మల్ని కార్ఖాన దిక్కు రానియ్యలే. సదువుకోవాలె, గిటు రావద్దు అన్నడు.”

అందుచేత ఆ గుర్తులు అతడికి తెలియవు. తండ్రి కోరిక నెరవేరింది.

నేను సంతకం పెట్టనని ఇద్దరికీ చెప్పాను. పిల్లను మూడో తరగతి గదిలో ఒక పూట కూర్చోబెట్టి, భూషణ్ మళ్ళీ పరీక్ష చేసి, కొత్తగా రాయాలన్నాను. భూపతి అభ్యంతరాలు చెప్పాడు. పిల్ల పడితే జవాబుదారీ ఎవరు, మిగతా పిల్లలు జడుసుకుంటే ఎవరు, ఆయా లేదు, నిధి లేదు. ఒక్కోదానికి నేను అన్నాను, పిల్ల పేరు మీ రిజిస్టర్‌లో రోజూ హాజరే కదా, ఆ హాజరు ఒక్కసారి నిజమైతే కొంపలు మునుగుతాయా అని. చివరికి, “మీరు బతికున్నన్ని దినాలు నాకు రిటైర్మెంట్ లేదు మేడమ్” అని ఒక మంగళవారం ఒప్పుకున్నాడు. ఆ రోజు గనుక స్పందన కనబడకపోతే నేను మారుమాట లేకుండా సంతకం పెట్టాలన్నది షరతు.

*

ఆ మంగళవారం చంద్రవ్వ పనికి నాగా పెట్టి పిల్లను తీసుకువచ్చింది. తలకు నూనె రాసి రెండు జడలు వేసింది. మూడో తరగతిలో పద్నాలుగు మంది. టీచరు ఏంజెలీనా, కాంట్రాక్టు మీద చేరి రెండేళ్ళయిన అమ్మాయి, రెండో బల్ల మీద చోటు చూపించింది. ఆ బల్ల మీద ఉన్న పిల్ల పేరు అనురాధ.

“టీచర్, ఈమెకు ఖరంచ్ దిస్త నాహీ? నిజంగ కనబడదా?” అని ఒకడు. “మరి బుక్ ఎట్ల చదువుతది?” అని మరొకడు. “నీకు కండ్లున్నయ్ గదా, నువ్వేం చదువుతున్నవ్?” అంది అనురాధ. తరగతి నవ్వింది. గోడ దగ్గర భూషణ్ ఫారం మీద తేదీ వేశాడు. భూపతి ద్వారంలో నిలబడ్డాడు. చంద్రవ్వ అతడి వెనుక.

మల్లికను బల్ల మీద కూర్చోబెట్టారు. ఆమె ముందుగా పాదాలతో నేలను వెతికింది. తరువాత వంగి అరచేతులు నేలకు ఆనించింది.

ఈ ఒక్క సంగతి నేను ముందుగా ఆలోచించలేదు, ఆలోచించి ఉండాలి. మా బడి నేల రాతి నేల. అది అదరదు. పుట్టినప్పటి నుంచి ఆ పిల్లకు లోకం అంటే కాళ్ళ కింద నడిచే ఇరవై నాలుగు సాంచాలు. అడుగుల తేడా, మెట్ల తేడా, వచ్చేదెవరో పోయేదెవరో, అన్నీ ఆ అదురు మీదుగానే ఆమెకు చేరతాయి. ఇక్కడ పద్నాలుగు మంది పిల్లలూ ఐదుగురు పెద్దలూ ఆమె చుట్టూ ఉన్నారు. ఆమె అరచేతుల కింద మాత్రం ఎవ్వరూ లేరు.

ఆమె రెండు అరచేతులూ కలిపి చెంప కింద పెట్టుకుంది. శుక్రవారమా అని అడుగుతోంది. ఎవరూ బదులు చెప్పలేదు. మళ్ళీ అడిగింది. తరువాత అరవడం మొదలుపెట్టింది.

ఆ అరుపు తన చెవులకు చేరని మనిషి అరుపు. దానికి ఆగాల్సిన చోటు తెలియదు. ముందు వరస పిల్లలు లేచి గోడకు అతుక్కున్నారు. ఏంజెలీనా చేయి పట్టుకోబోతే మల్లిక విదిలించింది. పలక కింద పడి పగిలింది.

“సూసిండ్రా మేడమ్” అన్నాడు భూపతి. అతడి గొంతులో గెలుపు లేదు. అందువల్ల ఆ మాట ఇంకా బరువుగా ఉంది.

చంద్రవ్వ అతడిని తోసుకుని లోపలికి వచ్చింది. కూతురి వెనుక నిలబడి చేయి ఎత్తింది. అరచేయి తెరిచి ఉంది. అది ఎక్కడికి వెళ్తుందో నాకు తెలుసు. అది ఆనితే అరుపు ఆ క్షణమే ఆగుతుంది. పిల్ల బంగారంలా కూర్చుంటుంది. ఫారంలో ఏమి రాయాలో భూషణ్‌కు సందేహం ఉండదు.

“చంద్రవ్వా” అన్నాను.

ఆమె నా వైపు చూసింది. ఆ చూపును నేను ఇక్కడ వర్ణించను. ఎత్తిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, తన పొట్టకు అదిమిపెట్టుకుని, బిడ్డ అరుస్తుండగా అలాగే నిలబడింది. ఎంతసేపో గడియారం చూసిన భూషణ్ తరువాత చెప్పాడు. నాలుగు నిమిషాలు.

అరుపు సన్నబడింది. మల్లిక బల్ల అంచు పట్టుకుని పక్కకు తడిమింది. అనురాధ మోచేయి తగిలింది. అనురాధ లేచి పోలేదు. ఎందుకు పోలేదని తరువాత అడిగితే, “నేను పోతే ఇంక ఎవలున్నరు టీచర్ ఆ బల్ల మీద?” అంది. మల్లిక ఆ మోచేయి మీదుగా చేతి దాకా వెళ్ళి, అరచేయి విప్పి, వేలితో అడ్డంగా గీత గీసింది.

అనురాధ కళ్ళు పెద్దవయ్యాయి. “అరె! పోగు తెగింది అంటున్నది!” అని అరిచింది. బడి విడిచాక తల్లితో పాటు రోజూ కార్ఖానాలో కూర్చునే పిల్ల. ఆమెకు అది వింత భాష కాదు, ఇంటి భాష. ఏమీ ఆలోచించకుండా మల్లిక వేలిని తన రెండు వేళ్ళ మధ్య పెట్టి మెలిపెట్టింది. ముడి వేస్తున్నాను.

మల్లిక అరవడం మానేసింది. మళ్ళీ గీత గీసింది. మళ్ళీ మెలిక. తరువాత చెంప కింద అరచేతులు పెట్టి అడిగింది. శుక్రవారమా అంటోందని నేను చెప్పాను. అనురాధ భుజాలు ఎగరేసి, ఆ చేతులను తీసి, తల అడ్డంగా ఊపి, ఆ ఊపు తెలిసేలా మల్లిక చేతులను తన చెంపలకు ఆనించుకుంది. శుక్రవారం కాదు.

“భూషణ్, రాయండి” అన్నాను. “ప్రశ్న అడిగింది. జవాబు వచ్చింది. దానిని నమ్మింది.”

అతడు రాశాడు. సంభాషణ భాష అన్న గడి దగ్గర ఆగి, “ఇక్కడ ఏం రాయాలె?” అని అడిగాడు. లిస్టులో పదకొండు భాషలున్నాయి, ఇది లేదు. ఇతరములు అని రాసి, పక్కన ‘స్పర్శ’ అని రాయించాను. భూపతి కూడా సంతకం పెట్టాడు. పద్నాలుగేళ్ళ వరకు అన్న కాగితం రద్దయింది. మల్లికకు మూడో తరగతిలో రెండో బల్ల మీద చోటు ఇవ్వబడింది. అంధ బధిరులకు బోధించే శిక్షణ ఉన్న టీచరును పంపమని పై కార్యాలయానికి ఉత్తరం వెళ్ళింది. ఆ టీచరు వచ్చేవరకు తోడుగా ఉండడానికి నేను ఒప్పుకున్నాను. చంద్రవ్వకు రోజూ నాగా కుదరదు.

*

కథ ఇక్కడ ఆగితే చదివేవాళ్ళకు బాగుంటుంది. ఆగలేదు.

నేను రోజూ షేర్ ఆటోలో వచ్చి రెండో బల్ల చివర కూర్చుంటున్నాను. మొదటిరోజు మల్లిక నా చేతిని అటూ ఇటూ తిప్పి తడిమింది. పోగులు కోసిన గీతలు లేవు, వేళ్ళ కొసల్లో కాయలు లేవు. ఆ చేతిని బల్ల మీద పెట్టేసి అనురాధ వైపు తిరిగింది. మూడు భాషల్లో చదువుకున్న నేను ఆ బల్ల మీద నిరక్షరాస్యురాలిని. గుర్తులు నేర్పమని చంద్రవ్వను అడిగితే, “సదువుకున్న చెయ్యి టీచరమ్మా మీది, మస్తు మెల్లగ తాకుతరు, దానికి మీరు గోకినట్టు తెలుస్తది” అని మొదటిసారిగా నా ముందు నవ్వింది. నేర్పింది కూడా. నా ఉచ్చారణ ఇంకా బాగుపడలేదు.

శిక్షణ ఉన్న టీచరు రాలేదు. నా మొదటి ఉత్తరానికి జవాబు లేదు. రెండోదానికి, విషయం పరిశీలనలో ఉన్నదని వచ్చింది. మూడోదానికి మొదటి ఉత్తరం నకలు పంపమన్నారు.

పదకొండో రోజు అనురాధ రాలేదు. జ్వరమని ఏంజెలీనా చెప్పింది. రెండు మూడు రోజుల్లో వస్తుంది.

మల్లిక బల్ల మీద పక్కకు తడిమింది. ఖాళీ చెక్క తగిలింది. చివరిదాకా తడిమి, వెనక్కి వచ్చి, మళ్ళీ తడిమింది. కిందికి వంగి నేల మీద వెతికింది. తరువాత నా వైపు తిరిగి నా అరచేయి విప్పి గీత గీసింది. పోగు తెగింది.

నేను ఆమె వేలిని మెలిపెట్టాను. ముడి వేస్తున్నాను. ఆమె చేయి వెనక్కి తీసుకుంది. అది అబద్ధమని ఆమెకు తెలిసింది.

నోటుపుస్తకంలోని ముప్పై ఒక్క స్పర్శలనూ ఒక్కొక్కటిగా తలచుకున్నాను. జ్వరం లేదు. ఇంట్లో ఉంది అని లేదు. నిన్ను వదిలిపోలేదు అని లేదు. అన్నిటికంటే, రేపు అన్న మాట లేదు. కార్ఖానాకు ఆ మాట అవసరం పడలేదు. అక్కడ చెప్పుకోవలసినదంతా ఇప్పుడు తెగింది, ఇప్పుడు వచ్చాడు, ఇప్పుడు ఆపు. రేపటి గురించి ఎవరూ ఎవరి వీపు మీదా రాయలేదు.

ఆ మాటను ఇలాంటి పిల్లల చేతుల్లో ఎలా పెట్టాలో తెలిసినవాళ్ళు ఈ దేశంలో ఉన్నారు. అది రహస్య విద్య కాదు, నేర్పుతారు, నేర్చుకుంటారు. ఎవరిని ఈ గదికి పంపాలో, పంపే పని ఎవరిదో కాగితాల మీద స్పష్టంగా ఉంది. నేను చదివాను.

ఏంజెలీనా ఎక్కం చెప్పిస్తోంది. పదముగ్గురు పిల్లలు ఏడో ఎక్కం గట్టిగా అంటున్నారు. మల్లిక తన కుడిచేతిని అనురాధ కూర్చునే చోట, చెక్క మీద, పరచి పెట్టింది. ఎవరైనా వచ్చి కూర్చుంటే మొదట ఆ చేతికే తెలుస్తుంది. మధ్యాహ్నం అన్నం పెట్టినప్పుడు ఎడమచేత్తో తింది. ఆ చేయి తీయలేదు. నేను బల్ల చివర నుంచి లేచి ఆ ఖాళీలో కూర్చోవచ్చు. కూర్చోలేదు. ఆ చోటు నాది కాదని మా ఇద్దరికీ తెలుసు. సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టుకుని, నాలుగో ఉత్తరం మొదలుపెట్టాను.